అంబులెన్స్ ఎప్పుడు బయలుదేరింది

బేస్తవారిపేటలో ఆటో తోలే చిన్నయ్యకు అక్క పోలమ్మ పోయినప్పటి నుంచి ఏడుపు రాలేదు. దినాలకు వచ్చిన చుట్టాలు వింతగా చూశారు. రాని ఏడుపును ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడు? వేళకు తిన్నాడు, ఆటో తోలాడు, పడుకున్నాడు. లోపల మాత్రం అంతా మొద్దుబారిపోయింది.

కందిచేలో కలుపు తీస్తుండగా పోలమ్మను పాము కరిచింది. చిన్నయ్య ఆటో చేని పక్కనే ఉంది. "ఎక్కిద్దాం పట్టు బావా, మార్కాపురం ఆస్పత్రికి పోదాం" అన్నాడు.

పోలమ్మ మొగుడు కాశయ్య అడ్డం పడ్డాడు. "ఊరుకోరా. అంబులెన్స్ వస్తా ఉందని ఫోన్లో చెప్పినారు. దాంట్లో సూదిమందు ఉంటది. ఈ గుంతల్లో నీ ఆటో కుదిపితే విషం పైకెక్కుతాది."

పెద్దవాడి మాట కాదనలేక చిన్నయ్య కూడా రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. బండి రాలేదు. చివరికి ఆటోలోనే ఎక్కించారు. సగం దారిలో ప్రాణం పోయింది.

తర్వాత ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. డీజిల్ లేదని ఒకరు, డ్రైవరు అన్నానికి పోయాడని ఒకరు, దారి తప్పిందని ఇంకొకరు. కాశయ్య ఎవరినీ నమ్మలేదు. తాను ఆగమన్న వేళకు ఆ బండి నిజంగా వస్తూ ఉందా లేదా, అదొక్కటే ఆయనకు తెలియాలి. వస్తూ ఉంటే తాను చేసింది సబబే. లేకపోతే పెండ్లాన్ని చేతులారా చంపుకున్నట్టే. ఆ మాట ఆయనే బర్రెలకు గడ్డి వేస్తూ మామూలు గొంతుతో అన్నాడు.

ఆయనకు చదువు రాదు. సమాచార హక్కు దరఖాస్తు చిన్నయ్యే రాశాడు. పెద్దమనసుతో రాశాడనుకుంటే పొరపాటు. ఆటోలో పోదామన్న తన మాటే సరైందని తేలేలా సర్కారు రాసిస్తే, ఆ కాగితం బావ ముఖాన కొట్టాలనే రాశాడు.

దరఖాస్తు ఇచ్చిన ఆఫీసులో గుమాస్తా కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టాడు. "కాగితం ఎందుకు చిన్నాయనా? నోటితో చెప్తాం గదా."

"నోటితో ఇప్పటికే శానామంది చెప్పినారు సార్. మీరు రాసియ్యండి" అన్నాడు చిన్నయ్య.

గడువు దాటినా జవాబు రాలేదు. అప్పీలు పెట్టుకున్నాడు. పోయిన ప్రతిసారీ టీ తాగమన్నారు, మళ్లీ రమ్మన్నారు. ఎవరూ కసురుకోలేదు గానీ ఆ మర్యాదకే చిన్నయ్య సగం అరిగిపోయాడు. కంది కోతలప్పుడు రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది.

ఆటోలో కూర్చుని చదివాడు. ఫోన్ చేసిన వేళకు ఆ అంబులెన్స్ కాన్పు కేసు మీద వేరే మండలంలో ఉంది. అక్కడి పని అయ్యేదాకా వీళ్ల ఊరికి ఏ బండీ బయలుదేరనే లేదు. కింద సంతకం, గుండ్రటి ముద్ర. చిన్నయ్య చెప్పిందే నిజమైంది. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు. ఆ కాన్పయినామె బతికిందో లేదో అనుకున్నాడు. ఆటో స్టార్ట్ చేశాడు.

కాశయ్య కల్లం దగ్గర కూర్చుని ఉన్నాడు. కవరు చూడగానే లేచి నిలబడ్డాడు. "ఏం రాసినారు రా?"

చిన్నయ్య కాగితం విప్పాడు. అక్షరాల మీద వేలు పెట్టి, చదువుతున్నట్టే లేని మాటలు చెప్పాడు. "ఫోన్ చేసిన వెంటనే బయల్దేరిందంట బావా. దోవలో టైరు పంచరయిందంట."

"అయితే వస్తానే ఉండింది."

"వస్తానే ఉండింది బావా."

కాశయ్య కల్లంలోనే కూలబడి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని గట్టిగా ఏడ్చాడు. చిన్నయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకుని పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి కాశయ్య ముఖం తుడుచుకున్నాడు.

"నువ్వే రా, ఆ రోజు ఊరికే తొందరపడితివి" అన్నాడు.

"అవు బావా, తొందరపడినాను" అన్నాడు చిన్నయ్య.