షమీమ్ మేడమ్ ఎంచిన టైర్లు

కొత్త టైరు మీది కాగితం విప్పగానే వచ్చే వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న మా బడి స్టోరు గదిలో పిల్లల సైకిళ్ళ కోసం వచ్చిన మూట విప్పాం. కిటికీ లేని గది, పైన రేకులు, బయట మండే ఎండ. రబ్బరు వాసన ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. పక్కనున్న లెక్కల మాస్టారు కొత్త వాసన ఎంత బాగుందో అని ముచ్చటపడ్డారు. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. ఆయనకేం తెలుసు పాపం. ఆ వాసన వెనకాలే నాకు ఒక మనిషి నడిచి వస్తుంది. ఆమె పేరు షమీమ్. తొంభైల మొదట్లో ఆత్మకూరులో నేను ఇంటర్ చదువుతున్నప్పుడు మా కాలేజీలో ఆటలు నేర్పిన టీచరు. మేమంతా డ్రిల్లు మేడమ్ అనేవాళ్ళం.

ఆమెను చూడని వాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆమె తిరిగే తీరు చెప్పాలి. వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పేది కాదు, మనిషే మొత్తంగా తిరిగేది. భుజాలు, నడుము, తల అన్నీ ఒకేసారి. ముప్పై దాటి ఎంతో కాలం కాలేదు కానీ కింద పడ్డ విజిల్ తీసుకోవాలంటే గోడ పట్టుకునేది. కొత్తలో ఆడపిల్లలం చాటుగా నవ్వుకునేవాళ్ళం. ఆమెకు తెలుసు. నవ్వితే నవ్వండి, నవ్వుకుంటూనే గ్రౌండు చుట్టూ పరిగెత్తండి అనేది. ఆమెది నల్లగొండ జిల్లా మర్రిగూడ. అక్కడి ఫ్లోరైడు బోరునీళ్ళు తాగి పెరిగిన వాళ్ళ ఎముకలు అలాగే బిగుసుకుపోతాయని మాకు అప్పటికి తెలియదు. తెలిశాక ఎవరికీ నవ్వు రాలేదు.

మా నాయిన కృష్ణలో చేపలు పట్టేవాడు. నడక వచ్చేలోపే నాకు ఈత వచ్చిందని ఇంట్లో అనేవారు. ఏటి ఒడ్డున నన్ను చూసిన మేడమ్ మర్నాడే ఇంటికి వచ్చి ట్రయథ్లాన్ అని ఒక పందెం ఉందని, ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా చేయాలని చెప్పింది. ఆ మాట మా వాడలో ఎవరికీ నోరు తిరగలేదు. మూడాటల పందెం అని పేరు పెట్టుకున్నారు. నాయిన చాలాసేపు విని, ఒక ఆట సరిపోదా మేడమ్, మూడెందుకు అన్నాడు. ఆయన గొణుగుడు అలా ఉంచితే, మా ఇంటి పరిస్థితి ఏమీ నవ్వులాట కాదు. నది ఎండిన నెలల్లో చేపలు ఉండవు. అన్నలిద్దరూ అప్పటికే మేస్త్రీ వెంట ఎక్కడో కాలువలు తవ్వడానికి పోయారు. ఇంటర్ కాగానే నన్నూ ఆ ముఠాలో పంపాలని నిర్ణయమైపోయింది. జిల్లా పోటీలో మూడు ఆటలూ పూర్తి చేసిన పిల్లలకు ఆటల టీచరు శిక్షణలో సీటు దొరుకుతుందని మేడమ్ చెప్పింది. గెలవక్కర్లేదు, మధ్యలో ఆగకుండా చివరిదాకా పోతే చాలు. నేను ఆ మాటను పట్టుకుని వేలాడాను.

కాలేజీలో ఒక పాత రేసింగ్ సైకిలు ఉండేది. దానికోసం మేడమ్ రెండు జతల టైర్లు ఉంచింది. ఒక జత లావువి. లోపల పాత ట్యూబును పట్టీలుగా కోసి పరిచేది, తుమ్మముల్లు దిగినా ట్యూబు దాకా పోకుండా. రెండో జత సన్నవి, హైదరాబాదు నుంచి తెచ్చినవి. కాగితంలో చుట్టి, ఎండ తగలకుండా, తన బియ్యం డబ్బా వెనక దాచేది. రోజూ సాధన లావు టైర్ల మీదే. మక్తల్ దారిలో ఎదురుగాలికి తొక్కుతుంటే రోడ్డు వెనక్కి లాగుతున్నట్టుండేది. సన్నవి ఎప్పుడు వేస్తారని రోజూ ప్రాణం తీసేదాన్ని. అప్పుడప్పుడు ఒక్క పూట వేసేది. అబ్బ, ఆ రోజు సైకిలు నా కింద ఉన్నట్టే ఉండేది కాదు. సన్నటి ఈలలా ఒక శబ్దం, అంతే. దిగి చూస్తే ఏదో ఒక చక్రంలో ముల్లు ఉండేది. టైరును ఎట్లా చూడాలో ఆమే నేర్పింది. పక్కలు మడిచి పగుళ్ళు చూడడం, బొటనవేలితో నొక్కి గాలి తెలుసుకోవడం, ఎండాకాలం పొద్దున్నే నిండా కొట్టకుండా కొంచెం తగ్గించి ఉంచడం.

"సన్న టైరు ఉరుకుతది, లావు టైరు ఓర్సుకుంటది" అనేది. "ఏది మంచిదని నన్ను అడుగకు. ఏ తొవ్వల పోతున్నవో ముందు గది చెప్పు."

ఆ ఏడాది కాలేజీ చూడడానికి పై అధికారి ఒకాయన వచ్చాడు. మేమంతా వరుసల్లో నిలబడ్డాం. ఆయన మేడమ్‌ను పిలిచి, ముందుకు వంగి కాలివేళ్ళు తాకే కసరత్తు పిల్లలకు చేసి చూపించమన్నాడు. ఆమె చేతులు మోకాళ్ళ దాకా కూడా రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మెడ నరాలు ఉబ్బాయి. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆయన చెడ్డవాడని అనను, కాని ఆపమని ఒక్క మాట అనడానికి ఆయనకు అంత సమయం ఎందుకు పట్టిందో నాకు ఈనాటికీ అర్థం కాదు. తరువాత మా ముందే చెప్పాడు, ఆమె శిష్యుల్లో ఒక్కరైనా ఈసారి రాష్ట్రపోటీకి ఎంపికైతే ఉద్యోగంలో ఉంచమని రాస్తానని, లేకపోతే మెడికల్ బోర్డుకు పంపక తప్పదని. జిల్లా పోటీలో మొదట వచ్చిన ఒక్కరే రాష్ట్రానికి పోతారు. ఆ పోటీకి మా కాలేజీ నుంచి ఉన్నది నేనొక్కదాన్నే. మర్రిగూడలో మంచం పట్టిన తమ్ముడూ, ముసలి తల్లీ ఆమె జీతం మీదే బతుకుతున్నారు. ఇవన్నీ నాకు తెలుసు.

వేసవి సెలవుల్లో నన్ను తన ఊరికి తీసుకుపోయింది. చదునైన దారి, సాధనకు బాగుంటుందని. ఒకరోజు మధ్యాహ్నం తొక్కి వచ్చి దాహానికి ఆగలేక వాకిట్లో బోరింగు కొట్టుకుని గ్లాసు ఎత్తాను. ఎక్కడినుంచి వచ్చిందో మేడమ్, చేతిమీద ఒక్కటి వేసింది. గ్లాసు దూరంగా పడింది. నన్ను కొట్టడం అదే మొదలు, అదే చివర. బయటినుంచి క్యాన్లలో నాకోసం మోయించుకున్న నీళ్ళు లోపల ఉన్నాయి. ఇంట్లో వాళ్ళు మాత్రం బోరింగు నీళ్ళే తాగుతున్నారు. అరుగు మీద కాళ్ళు వంకరపోయిన తమ్ముడు కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. నీళ్ళు తియ్యగా ఉంటాయా అని నేను బుద్ధిలేకుండా అడిగితే, అన్ని నీళ్ళలాగే ఉంటాయని, రుచిలో తెలిసేదైతే ఇంత మందిమి ఎందుకు తాగుతామని అన్నాడు.

పోటీ తొలకరి పడ్డాక పెట్టారు. ముందురోజు సాయంత్రం మేడమ్ నన్ను తీసుకుని సైకిలు దారి చూడటానికి బయలుదేరింది. విత్తనాలు వేసిన చేలకు మేకలు రాకుండా కంచెలు కట్టే రోజులవి. రైతులు నరికిన తుమ్మకంపను బండికి కట్టి రోడ్డు మీదుగా ఈడ్చుకుపోతున్నారు. కంప పోయిన మేరా ముళ్ళు రాలి ఉన్నాయి. ఆమె వంగలేదు కనుక కర్రతో చూపిస్తుంటే నేను ఏరాను. కొంతసేపటికి ఇద్దరికీ అర్థమైంది, ఇది ఏరితే అయ్యే పని కాదని. ఆమె వెనక్కి తిరిగింది.

పొద్దున నేను వెళ్ళేసరికి సైకిలుకు లావు టైర్లు ఉన్నాయి. ఆమెకు కావలసింది మొదటి స్థానం. లావు టైర్ల మీద మొదటి స్థానం రాదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు జిల్లాలోనే లేరు.

"మేడమ్, సన్నయి ఎయ్యుండ్రి. ముల్లు దిగకుంటే నేను ఫస్ట్ వస్త."

"దిగితే?"

"లావుయి ఏస్తే మీ నౌకరీ పోతది మేడమ్."

"నా నౌకరీ ఫికర్ నీకెందుకు. ఆగకుండ పో. గంతే."

గోడ పట్టుకుని నిలబడి, పంపు నా చేతికిచ్చి, గాలి సరిపోయిందో లేదో బొటనవేలితో తనే నొక్కి చూసింది.

ఈతలో అందరికంటే ముందు ఒడ్డెక్కాను. సైకిలు మీద నా పక్కనుంచి ఇద్దరు పిల్లలు సన్న టైర్లతో దూసుకుపోయారు. ఆ ఈల నాకు తెలుసు. నేను తొక్కుతూనే ఉన్నాను. కంచెలు కట్టే చేల దగ్గర ఒక పిల్ల రోడ్డు పక్కన చక్రం ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. వనపర్తి వైపు పిల్ల అని తరువాత తెలిసింది. రెండోదానికి ఒక్క ముల్లూ దిగలేదు. ఆ దారిలో ఎట్లా దిగలేదో దేవుడికే తెలియాలి. పరుగులో దాని వీపు దగ్గరదాకా వచ్చాను, అందుకోలేకపోయాను. రెండో స్థానం. ముగింపు గీత అవతల మేడమ్ నిలబడి ఉంది. నేను ఆమె మీద పడి ఏడిస్తే, నీళ్ళు తాగు ముందు అంది.

అధికారి అన్న మాట నిలబెట్టుకున్నాడు. కొన్ని నెలలకే ఆమెను బోర్డుకు పంపారు, పనికిరాదని తేల్చారు. నాకు సీటు వచ్చింది.

శిక్షణ అయి, నాకు మొదటి ఉద్యోగం దొరికాక మర్రిగూడ పోయాను. ఆమె మంచం మీదే ఉంది. కట్టెలా బిగిసిన మనిషిని వాళ్ళ అమ్మ అటూ ఇటూ పొర్లించాల్సి వస్తోంది. తమ్ముడు ఆ ఏడాదే పోయాడు. మాట మాత్రం పాత మాటే. నీ బడి పిల్లలను ఎన్ని చుట్లు పరిగెత్తిస్తున్నవని మొదట అదే అడిగింది. నేను ఎన్నాళ్ళుగానో మోస్తున్నది అప్పుడు అడిగేశాను. ఆ రోజు సన్న టైర్లు వేసి ఉంటే నేను మొదట వచ్చేదాన్నా అని.

"వస్తుంటివి" అంది. దాచలేదు. మళ్ళీ అంది. "నౌకరీ ఉన్నా పోయినా నేను గీ మంచంలనే పడుదును బిడ్డా. రెండేండ్లు అటోఇటో. పంచరైతే నువ్వు కాలువ తవ్వబోతుంటివి."

తరువాత వాళ్ళ అమ్మను పిలిచి నాకు చాయ్ పెట్టమని, క్యాను నీళ్ళతోనే పెట్టమని చెప్పింది. ఆ చలికాలం దాటలేదు ఆమె. నాకు కబురు ఆలస్యంగా అందింది.

ఆమె మంచితనం తలచుకుంటే నాకు ప్రశాంతంగా ఏమీ ఉండదు, కోపం వస్తుంది. అటువంటి మనిషికి రెండు టైర్లలో ఒకటి ఎంచుకునే గతి ఎందుకు పట్టాలి? ఆ కోపం నాతోనే రిటైరవుతుంది. మా బడికి మొదటి బహుమతులు తక్కువ. తనిఖీకి వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు, ఇంత సాధన చేయిస్తారు కదా, కప్పులేవి మేడమ్ అని. నేను పిల్లల సైకిళ్ళకున్న లావు టైర్లు బొటనవేలితో నొక్కి చూసుకుంటాను. పందెం మధ్యలో చక్రం ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన ఏడ్చిన పిల్ల మాత్రం మా బడిలో ఇంతవరకు లేదు.