నేస్తం విప్పిన ఇంజను

జీపు ఇంజను నేనే బిగించుకోవాలా, ముక్కలన్నీ మూటగట్టి కొండ దిగి విశాఖపట్నం షెడ్డుకి పట్టుకెళ్లాలా అని పది రోజులు కొట్టుమిట్టాడాను. రిపేరుకని విప్పింది నా నేస్తమే. వారంలో బిగించేత్తానన్న మనిషి, నెల దాటాక ముక్కలన్నీ గోనెసంచిలో వేసి తెచ్చి మా అరుగు మీద దించాడు. "నాకు ఖాళీ లేదు నేస్తం, నువ్వే సూసుకో" అనేసి పోయాడు.

మా వైపు నేస్తం అంటే కలిసి టీ తాగే స్నేహం కాదు. పెద్దల ముందు కట్టుకుంటాం. మేమూ అలాగే కొత్త తువ్వాళ్లు మార్చుకుని, ఒకే అడ్డాకులో తిన్నాం. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరం పలకకూడదు. చచ్చేదాకా నేస్తం అనే పిలవాలి, పేరు పలికితే ఆ నేస్తం తెగిపోయినట్టే. అతని పనికి వంక పెట్టకూడదు, అతని మాట మీద అనుమానపడకూడదు. పాతికేళ్లు అలాగే ఉన్నాను. అతను మెకానిక్కు, అవతలి కొండ ఊళ్లకి తిప్పే జీపు అతనికీ ఒకటుంది. మా ఊళ్ల నుంచి అరకు సంతకి కాఫీ గింజలు, అల్లం, కోళ్లు, మనుషులు దిగాలంటే నా జీపొక్కటే దిక్కు.

నా భయమల్లా ఒకటే. ఒక్క బోల్టు సరిగ్గా బిగించకపోతే ఘాట్‌రోడ్డు మలుపులో ఇంజను పట్టేస్తుంది. లోపల పదిమంది ఉంటారు.

"పాతికేళ్లు నేస్తం పక్కన కూకుని పానాలు, రెంచీలు అందించావు. ఆమాత్రం రాదేటి? బేగి మొదలెట్టు" అని మా ఆవిడ కసిరింది. ఆ మాట పనిచేసింది. మర్నాడు పొద్దున్నే వాకిట్లో టార్పాలిన్ పరిచి, సంచి విప్పి, ఒక్కో ముక్కా కిరసనాయిల్లో కడగడం మొదలుపెట్టాను.

క్రాంకుషాఫ్టు దగ్గర ఆగిపోయాను. పిస్టన్లన్నీ కలిసి తిప్పే ఇరుసు అది. కిందటేడే కొత్తది వేయించాను. బిగించే ముందు దాని మీద మూడు చుక్కలు కొట్టుకున్నాను. మా గొడ్డళ్ల మీదా, మా పనస చెట్ల మీదా ఉండే ఇంటి గుర్తే అది. ఇప్పుడు చేతిలో ఉన్నదాని మీద చుక్కల్లేవు. గోరు పెట్టి గీస్తే గోరు దిగబడేంత గాడులు పడి ఉన్నాయి.

ముందు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. నేస్తాన్ని అనుమానిస్తున్నానే అని. మసి కింద గుర్తు దాగుందేమోనని మళ్లీ కడిగాను, బ్రష్షు పెట్టి తోమాను.

"ఏటి సేత్తన్నావు? ఎన్నిసార్లు తోముతావు దాన్ని?" అంది మా ఆవిడ. ఛీ, ఎంత వెర్రివెధవని! సంచి దించిన రోజే విప్పి చూసుంటే? కానీ నేస్తం తెచ్చిన సంచిని అతని ఎదుట ఎవడు విప్పుతాడు!

సంత రోజు మా జనం కూడా అతని జీపే ఎక్కారు. వేరే బండేదీ? మా ఇంటి ముందు ఎదురెళ్లి ఆపాను.

"నేస్తం, నా క్రాంకు ఏదీ?"

అతను తడబడనైనా లేదు. నవ్వాడు. "నీ బండి ఎలాగూ విప్పేసుంది కదా. నాది మధ్యలో ఆగిపోయింది, ఏసుకున్నాను. నేస్తాలం, మనలో మనకి నీది నాది ఏటి?"

"మరి అరిగిపోయిన నీ క్రాంకు నా సంచిలో ఎందుకేశావు? అది బిగించుకుని నేను ఘాటీ దిగుంటే?"

"నువ్వు బిగిత్తావని నేననుకున్నానేటి? నీకు సేతనవదనుకున్నాను."

తువ్వాళ్లు మార్చుకున్న రోజు గుర్తొచ్చింది. జీపు ఇంజను గుడగుడమంటూనే ఉంది. నా ఇంజనే, సగం.

అప్పుడు అతన్ని పేరు పెట్టి పిలిచాను.

జీపులో ఆడవాళ్లు మాటలాపేశారు. అతని మొహంలో నవ్వు పోయింది.

"ఏటన్నావు?" అన్నాడు.

మళ్లీ పిలిచాను.