కంచం కడిగిపెట్టి పో

నేను మూడో తరగతి వరకే చదివాను. ఆపైన నాట్లకు మనుషులు చాలడం లేదని మా నాయన బడి మాన్పించాడు. అందువల్ల నాటకాల్లో మెలోడ్రామా అనే రకం ఒకటి ఉందని తెలుసుకోవడానికి నాకు ముసలితనం రావలసి వచ్చింది. అదీ బడికి వెళ్లి కాదు, వంటింట్లో చింతపండు గింజలు తీస్తూ తెలుసుకున్నాను.

మా మనవరాలు ఎనిమిదో తరగతి. నన్ను జేజీ అని పిలుస్తుంది. వాళ్ల బడిలో శనివారాలు పుస్తకాల సంచి ఉండదు. ఆ రోజు కొత్తగా వచ్చిన టీచరమ్మ నాటకం పాఠం చెబుతుంది. ఆ పాఠమంతా ఎవరికైనా ఒప్పజెప్పే దాకా ఈ పిల్ల మంచినీళ్లు కూడా ముట్టదు. చెబితే చెప్పు గానీ నోటితోపాటు చేతులూ ఆడాలని చింతపండు చాట దాని ముందుకు తోశాను.

మెలోడ్రామాలో మంచి అంతా ఒకవైపు, చెడు అంతా ఒకవైపు ఉంటుందట. పాత్రలన్నీ మూసలో పోసినవే. కష్టాలు పడే మంచి పిల్ల, ఆమెను కాపాడే ధైర్యవంతుడు, నవ్వించే పనివాడు, దగ్గుతూ మంచం పట్టిన ముసలి తండ్రి, వీళ్లందరినీ ఏడిపించే దుర్మార్గుడు. ఒక్కొక్కరు వచ్చేటప్పుడు వారికి తగిన వాయిద్యం మోగుతుంది. ఎవరు ఎలాంటివారో నడక చూడగానే జనానికి తెలిసిపోవాలి. పూర్వం పరాయి దేశాల్లో దుర్మార్గుడు కనబడగానే జనం లేచి హూ అని అరిచేవారట. ఎంత గట్టిగా అరిస్తే ఆ వేషగాడు అంత గొప్పవాడు.

నాకు ఆ పద్ధతి నచ్చింది. చాటలో బియ్యం ఒకపక్కకు, రాళ్లు ఒకపక్కకు చెరిగినట్టు ఉంది. సినిమాలకు డబ్బు పోసి, చివరికి ఎవరు మంచివాళ్లో తెలియకుండా ఇంటికి వచ్చేవాళ్లను చూశాను.

బడి వార్షికోత్సవానికి వాళ్లు వేసే నాటకంలో తల్లీతండ్రీ లేని పిల్ల పెద్దమ్మ ఇంట్లో ఉంటుంది. పొలం కోసం పెద్దమ్మ దాన్ని ఇంట్లోనుంచి వెళ్లగొడుతుంది. ఆ పిల్ల వేషానికి క్లాసులో అందరూ చేతులెత్తారు. పెద్దమ్మ వేషానికి ఎవరూ ఎత్తలేదు. చివరికి అది మా పిల్ల నెత్తిన పడింది.

మొదటిసారి చేసి చూపించినప్పుడు ఇది కళ్లు ఉరిమి, లేని మీసం మెలేసి, గొంతు చించుకుందట. క్లాసంతా విరగబడి నవ్వారు. టీచరమ్మ తిట్టలేదు. దుర్మార్గుణ్ణి చూసి జనం నవ్వితే నాటకం అక్కడికక్కడే చచ్చిపోతుందని మాత్రం చెప్పింది. ఎవరు నోరు విప్పితే చుట్టూ ఉన్నవాళ్లు నోరు మూసుకుంటారో అలాంటి మనిషిని గమనించి రమ్మంది. వచ్చే శనివారానికి కుదరకపోతే వేషం ఇంకొకరికి ఇస్తానంది. ఇష్టం లేకుండా వచ్చిన వేషమే అయినా, పోతుందనేసరికి మా పిల్ల బిగుసుకుపోయింది. అందరూ నవ్విన తరువాత దిగిపోతే ఆ నవ్వు బడి వదిలే దాకా వెంట వస్తుంది కదా.

ఆ వారమంతా అది నా వెనకాలే తిరిగింది. నేను ఫ్యాను ఆపితే చూసింది, కొట్టు గదికి తాళం వేస్తే చూసింది. ఆడపిల్లకు ఇంటి పని మీద ధ్యాస కలిగిందని సంతోషించాను.

శుక్రవారం సాయంత్రం గడ్డివామి వెనక అలికిడైతే వెళ్లాను. మనవరాలు అటు తిరిగి నిలబడి ఉంది. చేతిలో ఖాళీ నూనె ప్యాకెట్. దాన్ని నిలువునా చీల్చి, లోపలంతా వేలితో తుడిచి, ఆ వేలు తలకు రాసుకుంది. చీర లేకపోయినా చెంగు దోపుకుంది. నడుము వంచి, నేల చూస్తూ నాలుగడుగులు నడిచి, ఎదుట లేని పిల్లవైపు తిరిగి గొంతు తగ్గించి ఏదో అంది. మా కోడలు గోడవారన కూర్చుని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వుతోంది. నన్ను చూడగానే ఆ నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది.

నాకు కోపం రాలేదని చెప్పను. నూనె ప్యాకెట్ చీల్చి తుడిచేది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. తుడవకపోతే ఆ నూనె ఎవరి పాలు? కానీ ఆ పిల్ల ముఖం చూశాను. నా కోపానికి భయపడటం లేదు, రేపు వేషం పోతుందని భయపడుతోంది.

"నేను అట్టా నేల చూస్తా నడుస్తానా? ఇంకోసారి నడువు" అన్నాను.

నడిచింది. నడుము ఇంకా వంగే ఉంది. కొట్టు గది తాళాల గుత్తి తీసి దాని నడుముకు దోపాను. పెళ్లయినప్పటి నుంచి అది నా నడుము వదిలింది లేదు. ఆ బరువుకు పిల్ల తనంతట తనే నిటారుగా నిలబడింది.

"గొంతు పెంచబాక. అరిస్తే నవ్వుతారు. మీ నాయన్ని నేను ఎప్పుడన్నా అరిచినానా?"

"లేదు జేజీ."

"మరి ఇప్పటికీ చెప్పులు వాకిట్లోనే ఎందుకు ఇడస్తాడు?"

కోడలు మళ్లీ కొంగు అడ్డం పెట్టుకుంది. మరుసటి రోజు వేషం మా పిల్లకే ఖాయమైంది.

వార్షికోత్సవం నాడు బడి ఆవరణలో షామియానా వేశారు. వరి పండించే వాళ్లం, రొయ్యల గుంటల వాళ్లు, సముద్రపు ఒడ్డు పల్లెల వాళ్లు, అందరి పిల్లలూ ఆ బడిలోనే కాబట్టి అందరూ వచ్చారు. నా పక్కన ఎండుచేపలు అమ్మే ఆమె కూర్చుంది. నా బేరం సంగతి ఆమెకు ఏళ్ల తరబడి తెలుసు.

డప్పు మోగింది. మా పిల్ల నా నేతచీర కట్టి, నా తాళాలు మోగించుకుంటూ వచ్చింది. నూనె ప్యాకెట్ చీల్చి వేలితో తుడిచింది. అంతే, మా వీధివాళ్లు కూర్చున్న వైపునుంచి నవ్వు మొదలైంది. ఒక్కొక్క తలే నావైపు తిరిగింది. నవ్వు షామియానా అంతా పాకింది. టీచరమ్మ తెర పక్కన నిలబడి చేతులు నలుపుకుంటోంది. మా పిల్ల చేతిలో ప్యాకెట్ అలాగే ఆగిపోయింది. దాని కళ్లు జనంలో నన్ను వెతికాయి.

నేను నవ్వలేదు. సర్దిచెప్పినట్టు తల కూడా ఊపలేదు. కొళాయి కట్టకుండా వదిలేసి వచ్చినవాళ్లను ఎలా చూస్తానో అలాగే చూశాను. ఆ చూపు దానికి పుట్టినప్పటి నుంచి ఎరుకే. అది ఆ చూపును అందుకుని, మెల్లగా తల తిప్పి, ముందు వరుసనుంచి చివరి వరుస దాకా జనం మీద పరిచింది. నవ్వు ఒక్కొక్క వరుసే ఆరిపోయింది. చంటిబిడ్డలు తప్ప ఎవరూ కిక్కురుమనలేదు.

అప్పుడు తల్లిలేని పిల్ల వేషంలో ఉన్న అమ్మాయి మూట పట్టుకుని, పెద్దమ్మా, ఈ ఎండలో ఎక్కడికి పోయేదని ఏడ్చింది. మా పిల్ల ఆమె ముఖం కూడా చూడలేదు. తాళాలు సర్దుకుంది.

"తిన్న కంచం కడిగిపెట్టి పో."

పుస్తకంలో లేని మాట అది. మా ఇంట్లో మాత్రం రోజూ ఉన్న మాటే. తిన్నవాళ్లు కడగక ఇంకెవరు కడుగుతారు? అయితే మూట చేతబట్టుకుని ఏడుస్తున్న పిల్లతో అనేసరికి ఆ మాటకు కత్తిలా పదును వచ్చింది. షామియానా భగ్గుమంది. మొగవాళ్లు హూ అని అరిచారు. ఎండుచేపల ఆమె లేచి, రెండు చేతులా మెటికలు విరిచింది.

"నీ నోట మన్ను బడ! బిడ్డని ఎండలోకి తోలతావటే!"

నేను ఆమె కొంగు పట్టి లాగాను. "కూర్చో మే. అది నా మనవరాలు."

"తెలస్తానే ఉండాదిలే అక్కా" అని ఆమె కూర్చుంది.

ఆ తరువాత పెద్దమ్మ కనబడినప్పుడల్లా అరుపులే. చివర్లో పొలం పోయి ఆమె తలవంచుకుని వెళ్లేటప్పుడు అరిచిన అరుపులకు షామియానా గుంజలు ఊడుతాయేమో అనుకున్నాను. కాపాడిన ధైర్యవంతుడికి మామూలు చప్పట్లే దక్కాయి. బహుమతి మా పిల్లకు ఇచ్చారు. స్టీలు గిన్నె, మూతతో సహా. కప్పు అయితే ఎందుకూ పనికొచ్చేది కాదు.

అది పరుగెత్తుకుంటూ వచ్చి, "జేజీ, తిట్టినారు!" అంది.

"విన్నాలే. తాళాలు ఇటీ" అన్నాను. ఇచ్చింది. దాని తల మీద చెయ్యి పెడితే నూనె అంటింది.

ఆ నాటినుంచి నేను వీధిలోకి వెళితే అరుగుల మీది ఆడవాళ్లు హూ అని అరుస్తారు. నా వెంట వచ్చే కోడలు సిగ్గుపడి, తలవంచుకుని త్వరత్వరగా నడుస్తుంది. నేను మాత్రం తాళాలు సర్దుకుని, నిటారుగా, చివరి అరుగు మీది వాళ్లు కూడా తృప్తిగా అరిచేటట్టు నిదానంగా నడుస్తాను.