ఇంట్లో ఏ నూనె ఉంటే అది

చీపురుపల్లిలో నాది బళ్ళు బాగుచేసే కొట్టు. చేతిలో స్పానర్ ఉన్నంతసేపూ నాతో మాట్లాడటం శుద్ధ దండగ. ఫోన్ మోగితే కసురుకోవడమే తప్ప ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పిన పాపాన పోలేదు. కోపం నా ఒంట్లోనే ఉంది, దాచుకోను.

ఆ పుష్యమాసం పొద్దున్నే మా బావ అక్కను బండి మీద ఎక్కించుకుని స్టేషన్‌కి బయల్దేరాడు. అక్క జాకెట్లు కుడుతుంది. బొబ్బిలిలో పెళ్ళివారికి ఇవ్వాల్సిన మూట ఒళ్ళో పెట్టుకుంది. మలుపులో బావ ఎక్సలేటర్ వదిలినా అది వెనక్కి తిరగలేదు. తాళం తీసేలోపే బండి రంకెలు వేస్తూ పోయి కల్వర్టు గోడను గుద్దేసింది. బావకి మోకాళ్ళు చెక్కుకుపోయాయి. అక్క కుడిచెయ్యి గోడకీ బండికీ మధ్య నలిగింది. మణికట్టు దగ్గర ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది.

నేను చేరేసరికి ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్ళిపోయారు. బండి అక్కడే పడి ఉంది. ఎక్సలేటర్ కేబుల్ ఊడదీసి లోపలి తీగ లాగాను. రాలేదు. బలం కొద్దీ లాగితే తెల్లటి ముద్ద వేలికి అంటుకుంది. వాసన చూశాను. కొబ్బరినూనె. చలికాలం సీసాలో గడ్డకట్టి, ఎండలో పెడితే తప్ప చేతిలోకి రాని నూనె. అది సన్నటి గొట్టంలో పేరుకుంటే తీగ కదులుతుందా? అందులో పల్చటి మెషిన్ ఆయిల్ పొయ్యాలి, కింది కొస నుంచి శుభ్రమైన చుక్క కారేదాకా. గ్రీజు దుమ్ము పట్టేస్తుంది, వంటనూనె జిగురైపోతుంది. ఇదంతా నాకు కంఠోపాఠం.

ఆస్పత్రి వరండాలో బావ తల పట్టుకుని కూర్చున్నాడు. నేను ఒక్క ముక్క అడగలేదు. చొక్కా పట్టి లేపి గోడకేసి కొట్టాను.

"ఒరే, తలకి రాసుకునే నూనె కేబుల్‌లో పోసినావేట్రా" అంటూ మూతి మీద గుద్దాను.

అక్క మొగుడని, పెద్దవాడని చూడలేదు. కిందపడ్డాక డొక్కలో తన్నాను. పన్ను ఒకటి ఊడి నెత్తురుతో సహా నేలమీద పడింది. ఆయన చెయ్యి ఎత్తలేదు, నోరు విప్పలేదు. తప్పు చేశాడు కాబట్టే ఊరుకున్నాడనుకుని ఇంకో నాలుగు తగిలించాను. జనం పట్టి లాగితే గానీ వదల్లేదు.

సాయంత్రం ఆపరేషన్ మత్తు దిగి అక్కకి తెలివొచ్చింది. బావ వాచిన మొహం చూసి నావైపు తిరిగింది.

"ఆయన్నెందుకు కొట్టినావురా? నూనె ఏసినాది నాను. మొన్న ఎక్సలేటర్ బిగుసుకుపోతన్నాదని నీకే ఫోన్ సేసినాను. ఏ నూనె ఎయ్యాల్రా అనడిగితే, ఇంట్లో ఏటుంటే అది ఎయ్యే, నా బుర్ర తినకు అన్నావు."

అన్నాను. ఇంజిన్ విప్పుకుని కూర్చున్నానప్పుడు. అని, మర్చిపోయాను కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

బావకి ఇది తెలుసా అని అడిగాను. పగిలిన పెదవుల్తో ఆయన మెల్లగా అన్నాడు. "తెల్సు. సెప్తే నీ కోపం దాని మీదకి పోతాదని ఊరుకున్నాను."

అక్క వేళ్ళు ఇప్పటికీ ముడుచుకోవు. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసి ఉంది. చలికాలం నేనెప్పుడు వెళ్ళినా కొబ్బరినూనె సీసా గుమ్మం ముందు ఎండలో ఉంటుంది. అది కరిగాక బావే అక్క తలకి రాసి జడ వేస్తాడు. నన్ను చూసి, ఆ పన్నులేని నోటితో, టీ తాగుతావా అని అడుగుతాడు. ఒక్క దెబ్బైనా తిరిగి కొట్టలేదు.