రెండు వందల తర్వాతి అంకెలు

మా అక్క మొగుడి గురించి ఊరంతా చెప్పేది ఒక్కటే: కళ్లారా చూడనిదే దేన్నీ నమ్మడు. కూరలో ఉప్పు సరిపోయిందని అక్క చెప్పినా, నాలుక మీద వేసుకున్నాకే తలూపుతాడు. "పెళ్లిచూపుల్లో మాత్రం నన్ను సరిగ్గా చూసుకోలేదు పాపం," అంటుంది అక్క.

బావా నేనూ ఒకే ఆఫీసులో పక్కపక్కన పనిచేసేవాళ్లం. ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసే ఆఫీసు అది. మేమంతా రంగురంగుల బొమ్మల మీద మౌసు నొక్కుతూ తప్పులు వెతుక్కుంటుంటే, బావ నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేస్తూ డీబగ్గర్ నడిపేవాడు. ప్రోగ్రామును ఆపి, దాని కడుపులో ఏముందో చూపించే సాధనం అది. కొత్తగా చేరినవాళ్లు ఆయనకు నల్లతెర అని పేరు పెట్టారు. ఎదురుపడితే మాత్రం సార్ అనేవారు.

మా ప్రోగ్రాము నడిచే ఒక ఆసుపత్రిలో రెండు వందల నలభై మంచాలు. ప్రతి మంచం పక్కనా ఒక బొత్తాం; నొక్కితే నర్సు దగ్గర గంట మోగాలి. ఒక మధ్యాహ్నం రెండు వందల పదమూడో మంచం మీది ముసలాయన బొత్తాం నొక్కి నొక్కి విసిగి, తనే లేవబోయి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి రెండు రోజులకు పోయాడు. గంట మోగనే లేదని నర్సు మొత్తుకుంది. మోగినా ఆమే కదల్లేదని ఆసుపత్రివాళ్లు అన్నారు. తేల్చాల్సిన పని బావ మీద పడింది.

ఆ సమయానికి ప్రోగ్రాము మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలుగా పంపారు. అందులో ఒక ఎర్రే, అంటే అంకెల వరుస ఉంది. ఒక్కో మంచానికి ఒక్కో గడి. ఎవరూ నొక్కకపోయినా ప్రతి బొత్తామూ కొన్ని సెకన్లకోసారి బతికే ఉన్నానని ఒక సంకేతం పంపుతుంది; చివరిది వచ్చి ఎన్ని సెకన్లయిందో అందులో ఉంటుంది. పదిలోపు ఉంటే బొత్తాం పనిచేస్తున్నట్టే. మేనేజరేమో నెత్తిన కూర్చున్నాడు. బావ ఎర్రే మొత్తం చూపించమని కొట్టాడు. మూడు, ఏడు, రెండు, నాలుగు... తెర నిండా చిన్న అంకెలే. "బొత్తాలన్నీ బాగానే ఉన్నాయి" అని రాసి సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా నర్సు ఉద్యోగం ఊడింది.

మూడు నెలల తర్వాత, వేరే పనిలో ఐదు వందల గడుల ఎర్రే చూస్తూ బావ ఉన్నట్టుండి ఆగిపోయాడు. తెర అడుగున వేలు పెట్టాడు.

"ఏమైంది బావా?"

"చివర మూడు చుక్కలు చూశావా? మనం సెట్టింగు మార్చకపోతే ఈ డీబగ్గర్ రెండు వందల గడులు చూపించి ఆగిపోతుందిరా. ఆ రోజు నేను చివరిదాకా చూళ్లేదు."

ఈ సంగతి మాకందరికీ చీవాట్లు పెట్టి మరీ నేర్పింది ఆయనే. పాత ఫైలు తెరిచి, మొదటి రెండు వందలూ వదిలేసి, మిగతా నలభై గడుల ముక్కను మాత్రం చూపించమన్నాడు. చిన్న అంకెల నడుమ ఆరు మంచాల దగ్గర పదకొండు వేలు దాటిన అంకెలు కనబడ్డాయి. మూడు గంటలకు పైగా ఆ బొత్తాలు చచ్చి ఉన్నాయి. వాటిలో ముసలాయనదీ ఒకటి.

"అయిపోయినదాన్ని కెలక్కండి సార్. కొరివితో తల గోక్కోవడం ఎందుకు?" అన్నాడు మేనేజరు.

బావ వినలేదు. కొత్త రిపోర్టు నేరుగా ఆసుపత్రికి పంపి, నన్ను వెంటబెట్టుకుని నర్సు ఇంటికి బయల్దేరాడు. దారంతా నాకు ఆయన మీద ఒళ్లు మండింది, జాలీ వేసింది.

మూడో అంతస్తులో ఇరుకు గది. నర్సు ఆరిన బట్టలు మడతపెడుతోంది. బావ గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"ఆ రోజు గంట మోగలేదమ్మా. మీరు చెప్పిందే నిజం. నేనే సరిగ్గా చూడకుండా రాశాను. మిమ్మల్ని మళ్లీ పనిలోకి తీసుకోమని రాసి పంపాను."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది. చేతిలోని చొక్కా పక్కన పెట్టింది.

"మొదట్లో నాకూ గట్టి నమ్మకమే సార్. మీ రిపోర్టు వచ్చాక పోయింది. మెషీన్ అబద్ధం చెప్పదు కదా, నేనే వినిపించుకోలేదేమో అనుకున్నా. ఆలోచించగా ఆలోచించగా, ఆ గంట నిజంగానే వినబడ్డం మొదలైంది. మొన్న ఆ పెద్దాయన కూతురింటికి వెళ్లాను. గంట విన్నానమ్మా, లేవడానికి బద్ధకించాను అని ఒప్పుకొచ్చాను. ఆవిడ నా చేతులు పట్టుకుని క్షమించింది కూడా సార్."