గోపాలస్వామి, ఎనిమిది గంటల మాత్ర

గోపాలస్వామి రైల్వే యార్డులో రైలు పెట్టెలు కడుగుతాడు. ఉండేది వ్యాసర్పాడిలో. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి అరవ పట్నంలో స్థిరపడిన కుటుంబం, మాటమాటకూ 'దా' అని నొక్కి చెప్పడం అక్కడి అలవాటు. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం నాలుగు పెట్టెల అవతలికి వినిపిస్తుంది. నలభై నాలుగో ఏట తన కిడ్నీ ఒకటి కూతురు భువనేశ్వరికి ఇచ్చాడు. భార్య చెంగమ్మది బిడ్డకు కుదరలేదు. తనది కుదిరిందని తెలిసిన రోజు ఆసుపత్రి వరండాలో కనపడ్డవాళ్లందరికీ, "నేను అప్పుడే చెప్పినా, బిడ్డ నా పోలికే దా!" అని చెప్పుకుంటూ తిరిగాడు.

భువనకు అప్పుడు పదిహేనేళ్లు. ఆపరేషన్ బాగా జరిగింది. కానీ కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదని తోసేయకుండా ఉండాలంటే పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి మాత్రలు వేసుకోవాలి. ఒక్క పూట కూడా తప్పకూడదు. ఇలాంటి పిల్లల బాగోగులు చూసే నర్సు సీతాలక్ష్మి, రాజమండ్రి నుంచి వచ్చినామె, భువన ఫోన్లో ఒక యాప్ వేసి ఇచ్చింది. వేళకు అది మోగుతుంది. మాత్ర వేసుకుని బటన్ నొక్కితే తండ్రి ఫోన్లో పచ్చ టిక్కు పడుతుంది. నొక్కకపోతే పావుగంటలో ఆయన ఫోన్ గోల పెడుతుంది.

పొద్దున ఆరింటికే గోపాలస్వామి యార్డుకూ, చెంగమ్మ వంటపనికీ వెళ్లిపోతారు. అందుకే ఆ టిక్కంటే ఆయనకు ప్రాణం. ఎనిమిది కాగానే నీళ్ల పైపు పక్కన పడేసి, చేతులు చొక్కాకు తుడుచుకుని ఫోన్ తీసేవాడు.

"పడింది రా మోసెసూ! నా బిడ్డ గడియారం మాదిరి!" అని జతగాడికి చూపించేవాడు.

మూడు నెలలకు రక్తపరీక్ష చేశారు.

"గోపాలస్వామిగారూ, మందు రక్తంలో ఉండాల్సినంత లేదండీ. పాప పూటలు తప్పిస్తోందేమో," అంది సీతాలక్ష్మి.

"ఛాన్సే లేదు సిస్టర్. ఇదో చూడండి, అన్నీ పచ్చగా ఉండాయి."

భువన తల ఎత్తలేదు. "నొక్కినాను నైనా. మింగలేదు."

పొద్దుటి మాత్రల్లో ఒకటి మొహాన్ని ఉబ్బిస్తుంది. బడిలో పిల్లలు 'బన్ను' అని పిలవడం మొదలుపెట్టారు. వారంలో మూడు నాలుగు రోజులు భువన పొద్దుటి మాత్రలన్నీ కుళాయి కింద వదిలేసి, బటన్ నొక్కి, బడికి పోయేది.

గోపాలస్వామి ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. మోసపోయానన్న కోపం కాదు. ఆ ఎగతాళినంతా బిడ్డ ఒక్కతే మోసిందే, తాను టిక్కులు చూసుకుని మురిసిపోయాడే అన్న బాధ.

సీతాలక్ష్మి ఆయన చేయి కూడా చాపించి బీపీ చూసింది. ఎక్కువగా ఉంది.

"కిడ్నీ ఇచ్చాక మీకు రాసిచ్చిన బీపీ మాత్ర వేసుకుంటున్నారా?"

"వేసుకుంటా సిస్టర్... అప్పుడప్పుడు."

భువన చటుక్కున తల ఎత్తింది. "అప్పుడప్పుడా? ఆ మాత్రల అట్ట రెండు నెలలుగా అట్లే దా ఉండాది నైనా!"

"నాకేం మే? బాగానే ఉండాను గదా."

"నేనూ అట్లే అనుకున్నా!"

సీతాలక్ష్మి నవ్వాపుకోలేకపోయింది. "యాప్ గొంతులోకి తొంగి చూడలేదు కదండీ. ఇకమీదట ఒకరినొకరు చూసుకోండి. పొద్దున ఎనిమిదికి వీడియో కాల్ చేసుకుని ఇద్దరూ మింగండి." ఉబ్బు తెప్పించే మందును డాక్టరుగారే మెల్లగా తగ్గిస్తారని, సొంతంగా మానేస్తే కిడ్నీకే ముప్పని భువనకు విడమరిచి చెప్పింది.

మర్నాడు ఎనిమిదికి ఫోన్ తెరమీద చున్నీ చుట్టుకున్న తల ఒకటి ప్రత్యక్షమైంది. కళ్లు తప్ప ఏమీ కనబడవు.

"మొహం చూపించు మే. మాత్ర యాడికి పోతావుందో నాకెట్ల తెలిసేది?"

"నువ్వు ముందు మింగు."

గోపాలస్వామి మాత్ర వేసుకుని, నీళ్లు తాగి, నోరు బార్లా తెరిచాడు. వెనకనుంచి మోసెస్ తొంగిచూసి, "అయ్యో సామీ! పెట్టెలు దా కడుగుతావు, పళ్లు కడగవా?" అన్నాడు. భువన పకపకా నవ్వింది. చున్నీ జారింది. ఆ గుండ్రటి మొహాన్ని గోపాలస్వామి కళ్లారా చూసుకున్నాడు. ఆమె ఒక్కో మాత్రా మింగి, నాలుక చాపి చూపించింది.

నెల తిరిగేసరికి భువన రక్తంలో మందు సరైన మోతాదుకు చేరింది. ఆయన బీపీ కూడా దిగింది. ఏడాదిలో బుగ్గలు తగ్గాయి. బన్ను అన్న పిల్లల్లో ఒకతె ఇప్పుడు భువనకు ప్రాణస్నేహితురాలు.

భువనకు పందొమ్మిదేళ్లు వచ్చాయి. ల్యాబ్ టెక్నీషియన్ చదువు చదువుతోంది. మొన్న సీతాలక్ష్మి, కొత్తగా కిడ్నీ మార్పిడి అయిన మైత్రి అనే పన్నెండేళ్ల పిల్లతో మాట్లాడమంది. భువన ఉపదేశాలేమీ చెయ్యలేదు. "రేప్పొద్దున ఎనిమిదికి నాకు ఫోన్ చెయ్యి," అని తన నంబరిచ్చింది.

అట్లా పొద్దుటి కాల్లో మూడో మొహం చేరింది. మొదటిరోజే మైత్రి సందేహం అడిగింది.

"అంకుల్, మీకు నిజంగా ఒకటే కిడ్నీనా?"

"ఒకటే దా పాపా," అన్నాడు గోపాలస్వామి. "ఇంకోటి అదో, ఫోన్లో నీ పక్కన తల దువ్వుకుంటా ఉండాది చూడు."