గంగాధర్ ఎడమ చెయ్యి

దయ్యాన్ని చూశామనే వాళ్ల మాట నేనెన్నడూ లెక్కచెయ్యలేదు. ఇప్పటికీ చెయ్యను. ఇది రాస్తున్నది ఒక మనిషి మీద నేను వేసిన నింద తీసెయ్యడానికే.

బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతున్న డిసెంబరు. బోధన్ దగ్గర చెరుకు కోసే కూలీలను పనిలో పెట్టి నడిపించే ముకద్దంని నేను. మా కోతలో ఎడమ చేత్తో గడ పట్టుకుని కుడి చేత్తో కొడవలి వేస్తారు. పని ఎగ్గొట్టాలనుకున్నవాడు ఎడమ అరచేతిలో కావాలనే గాటు పెట్టుకుంటాడు. అలాంటి దొంగ గాయాలను ఇట్టే పట్టేస్తానని నాకు గర్వం.

గంగాధర్ నాతో చదువుకున్నవాడు. మిలిటరీలో హెలికాప్టర్ పైలట్. వాళ్ల బాపు రోజూ హోటల్లో అతని ఉత్తరాలు చదివి వినిపించేవాడు.

ఆ రోజు ఫ్యాక్టరీ ఒంటిగంట సైరన్ మోగింది. కూలీలు అన్నాలకు పోయారు. చెరుకు బండి పక్కన గంగాధర్ నిలబడి ఉన్నాడు. యూనిఫాం మోకాళ్ల దాకా తడిసి ఉంది. ఎడమ అరచేతి నుంచి రక్తం కారుతోంది.

"ఎప్పుడొచ్చినవ్ రా?" అన్నాను.

చెయ్యి చాపాడు. కొడవలి గాట్ల కోసం నా నడుం సంచిలో ఎప్పుడూ పసుపు ఉంటుంది. అది అద్ది, నా రుమాలు చింపి కట్టాను. చెయ్యి చల్లగా ఉంది.

"ఇంకా ఉన్నరు. పోవాలె" అని బండి వెనక్కి నడిచాడు. నేనూ వెంటనే వెళ్లి చూశాను. అంతా కోసేసిన చేను. మనిషి లేడు. యుద్ధం వదిలి పారిపోయి వచ్చాడని, సిగ్గుతో చేను పక్క కాలువలోకి దిగి పోయాడని అనుకున్నాను.

సాయంత్రం హోటల్లో అందరి ముందూ చెప్పాను: "పైలట్ చెయ్యి కోసుకొని లడాయిలకెల్లి ఉరికొచ్చిండు. నేనే కట్టు కట్టిన."

"ఆకాశంల గూడ చెరుకు కోత పెట్టిర్రా, ముకద్దం?" అన్నారెవరో. అందరూ నవ్వారు. వాళ్ల బాపు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, చాయ్ వదిలేసి లేచిపోయాడు. మళ్లీ ఆ హోటల్ మెట్లెక్కలేదు.

ఎండాకాలంలో గంగాధర్ సెలవు మీద వచ్చాడు. వెంట చేతికర్రతో ఒక జవాను. జరిగింది ఆ జవానే చెప్పాడు. నది ఒడ్డున గాయపడ్డ జవాన్ల కోసం గంగాధర్ కాల్పుల మధ్య మూడోసారి దిగాడట. పక్క పైలట్ అప్పటికే తూటా తగిలి పడిపోయాడు. ఇంకో తూటా గంగాధర్ ఎడమ అరచేతిలోంచి దూసుకుపోయింది. ఎడమ చేత్తో మీట ఎత్తితేనే హెలికాప్టర్ లేస్తుంది. ఆ చేత్తోనే ఎత్తాడు. ఈ జవానుతో కలిపి పదకొండుమంది బతికారు.

జవాను చెప్పిన తేదీ నేను కట్టు కట్టిన రోజే. మధ్యాహ్నం ఒంటిగంట.

"ఆస్పత్రిల కట్టు విప్పితే పసుపున్నది. ఎవరు కట్టిర్రో నాకు యాదికి లేదు" అని నవ్వాడు గంగాధర్.

వాళ్ల బాపు నావైపు వేలు చూపించాడు. "నువ్వు ఉరికొచ్చినవని వీడు ఊరంత చెప్పిండు, కొడుకా."

"పొరబడ్డ, బాపూ. ఎవర్నో చూసి వీడనుకున్న" అన్నాను. అదీ అబద్ధమే. దోస్తును కాపాడడానికి మాట మార్చానని ఊళ్లో చాలామంది అనుకున్నారు. ఆ చెవి కొరుకుళ్ల మధ్యే ముసలాయన కన్నుమూశాడు.

గంగాధర్ ఉరికి రాలేదు. నేను కట్టు కట్టింది కూడా నిజం. ఈ రెండూ ఎట్లా కుదురుతాయో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.

తెలిసింది ఒక్కటే. ఆ సాయంత్రం హోటల్లో తడిసిన యూనిఫాం గురించి చెప్పాను, రక్తం గురించి చెప్పాను, కట్టు గురించి చెప్పాను. అతను అన్న ఒకే ఒక్క మాట, "ఇంకా ఉన్నరు, పోవాలె" అన్నది మాత్రం చెప్పలేదు.